మీకంటూ ఒక రంగు: ఎంచుకోవడం ఎలా, నిలబెట్టుకోవడం ఎలా

చెన్నైలో ఏ పట్టుచీరల దుకాణంలోనైనా ‘ఎం.ఎస్. బ్లూ’ చూపించమంటే చాలు, ఏ నీలమని ఎదురు ప్రశ్న రాదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కోసం కాంచీపురానికి చెందిన ముత్తు చెట్టియార్ నేసి ఇచ్చిన నీలం అది. కచేరీ వేదికల మీద ఆమె కట్టగా కట్టగా ఆ రంగుకు ఆమె పేరే స్థిరపడింది. ఇదే ఊళ్లో పసుపు శాలువా అంటే కరుణానిధి, ఆకుపచ్చ చీర అంటే జయలలిత. మన వైపు కాషాయం చూడగానే ఎన్టీఆర్ గుర్తుకొచ్చిన రోజులున్నాయి.

ఇలాంటి రంగు పేరున్నవాళ్లకే ఉండాలని లేదు. ఉద్యోగానికి వెళ్లే మనిషికి, ఇల్లు చూసుకునే మనిషికి, కాలేజీలో చేరిన పిల్లకు, పదవీ విరమణ చేసిన పెద్దాయనకు కూడా తనదైన రంగు ఒకటి ఉంటే రోజు తేలికవుతుంది. పొద్దున బీరువా ముందు తడుముకోవడం తగ్గుతుంది. కొత్తగా కుట్టించిన రవిక పాత చీరల్లో నాలుగైదింటికి కలుస్తుంది. ఆడి మాసం తగ్గింపు అమ్మకాల్లో ఏది వదిలేయాలో ముందే తెలుస్తుంది.

అయితే ఆ రంగును దుకాణంలో అద్దం ముందు నిలబడి తేల్చకండి. అది మీ ఇంట్లో, పగటి వెలుతురులో, మీ ముఖం పక్కన తేలాలి. అందుకు ఒక తీరికైన ఉదయం, కొన్ని చీర ఫాల్స్, మొహమాటం లేకుండా మాట్లాడే మనిషి ఒకరు ఉంటే చాలు.

మొదట బీరువా

బట్టలన్నీ తీసి మంచం మీద మూడు కుప్పలుగా వేయండి. తరచుగా కట్టేవి ఒకవైపు, ఇష్టపడి కొని కట్టనివి ఒకవైపు, పెళ్లిళ్లలో పేరంటాల్లో ఇతరులు పెట్టినవి ఒకవైపు. మూడో కుప్పను వెంటనే పక్కన పెట్టేయండి. అందులో ఉన్నది మీ అత్తగారి ఎంపిక, మేనత్త ఎంపిక. దాని నుంచి మీ రంగు గురించి తెలిసేది ఏమీ లేదు.

అసలు సంగతి మొదటి కుప్పలో ఉంటుంది. కాలరు అరిగిన చొక్కా, చంకల దగ్గర వెలిసిన రవిక, పోగులు లేచిన చున్నీ: ఇవి ఏ రంగుల్లో ఉన్నాయో కాగితం మీద రాసుకోండి. చేయి తనంతట తాను వెతుక్కున్న రంగులవి. రెండో కుప్పను కూడా చూడండి. అందులో చాలావరకు మీకు ఇష్టమైన రంగులే కనిపిస్తాయి. చూడటానికి ఇష్టమైనవి, ఒంటి మీదకు వచ్చేసరికి తేలిపోయినవి. ఇష్టమైన రంగు, నప్పే రంగు ఒకటే కావాలని లేదు. ఒకటే అయితే అదృష్టం.

ఫోనులో పాత పెళ్లి ఫోటోలూ చూడండి. ‘చీర చాలా బాగుంది’ అని ఎవరైనా అంటే సంతోషించండి గానీ అది లెక్కలోకి రాదు. ‘ఏమిటివాళ ఇంత కళగా ఉన్నావు?’ అన్న రోజున మీరు కట్టిన రంగు ఏదో గుర్తు చేసుకుని కాగితం మీదకు ఎక్కించండి.

చర్మఛాయ పట్టికలను నమ్ముకోకండి

చర్మం, జుట్టు, కళ్ల రంగులను బట్టి మనుషులను వసంతం, వేసవి, శరదృతువు, శీతాకాలం అని నాలుగు గుంపులుగా విడదీసి, గుంపుకు ఇన్ని రంగులని పంచే పద్ధతి పశ్చిమ దేశాల్లో బాగా చెలామణి అయింది. జుట్టు బంగారు వన్నె నుంచి నలుపు దాకా, కళ్లు నీలం నుంచి గోధుమ దాకా మారే చోట దానికి కొంత అర్థం ఉంది. నల్లని జుట్టు, ముదురు గోధుమ కళ్లు ఉన్న మనల్ని ఆ పట్టిక దాదాపు అందరినీ ఒకటి రెండు గళ్లలోకి తోసేస్తుంది. మణికట్టు నరాలు పచ్చగా ఉన్నాయా నీలంగా ఉన్నాయా అని చూసే చిట్కా కూడా అంతే. ఆ నరాల రంగు చర్మం మందాన్ని, గదిలోని వెలుతురును బట్టి మారిపోతుంది.

వీటికంటే ఎక్కువ నష్టం చేసేది మన ఇళ్లలోనే పుట్టిన మాట: ‘చామనఛాయ పిల్ల, ముదురు రంగులు వద్దు, లేతవి కొనండి.’ ఈ మాట విని తలవంచుకుని లేత గోధుమ రంగు చుడీదారుతో బయటికి వచ్చిన ఆడపిల్లలను టి.నగర్‌లో చాలామందిని చూశాను. చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది. ముఖం వెలగాలంటే బట్టకూ చర్మానికీ మధ్య తేడా తెలియాలి. చర్మం ఎంత ముదురో బట్టా అంతే ముదురు, పైగా అదే గోధుమ వైపు మొగ్గు అయితే ముఖం బట్టలో కలిసిపోతుంది. చామనఛాయ మీద లేత గోధుమ రంగు, మసక బూడిద రంగు తేలిపోవడానికి కారణం ఇదే. అదే ఒంటి మీద ఆవపువ్వు పసుపు, రాణి రంగు, చిలకపచ్చ, ముదురు నీలం వేసి చూడండి. బాగా నల్లని ఛాయ ఉన్నవాళ్లు తేటైన బలమైన రంగులను ఎంత హుందాగా మోస్తారో కంచిపట్టు నేసేవారికి ఎప్పటినుంచో తెలుసు.

ఫాల్స్ కొనుక్కురండి

రంగు పరీక్షకు రంగు గుడ్డలు కావాలి. పరదేశాల్లో ఇందుకు ప్రత్యేకంగా గుడ్డల కట్టలు అమ్ముతారు. మనకు అంతకంటే మంచివి ప్రతి మ్యాచింగ్ సెంటరులోనూ ఉన్నాయి: చీర ఫాల్స్. ఐదంగుళాల వెడల్పు, రెండున్నర మీటర్లకు పైబడిన పొడవు, మెరుపు లేని బట్ట, తక్కువ ధర, ఊహకు అందనన్ని ఛాయలు. మడిచి మెడచుట్టూ వేసుకుంటే చాలు. పరీక్ష అయ్యాక చీరకు కుట్టించుకోవచ్చు, ఒక్కటీ వృథా కాదు.

టి.నగర్‌లో పాండీ బజారు, ఉస్మాన్ రోడ్డు, రంగనాథన్ వీధి చుట్టుపక్కల మ్యాచింగ్ దుకాణాలకు లోటు లేదు. తెలుగులో అడగడానికి సంకోచించకండి. ఈ పేట పేరే నేత పరిశ్రమ నడిపిన తెలుగువాడు పిట్టి త్యాగరాయ చెట్టిగారిది. మధ్యలో ఉన్న పార్కు 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ప్రథమ మంత్రిగా ఉన్న పానగల్ రాజా పేరు మోస్తోంది, ఆయనా తెలుగువారే. అయినా కొట్టులో కుర్రవాడికి తెలుగు రాకపోతే ముదురు లక్క ఎరుపుకు ‘అరక్కు’ అనండి, నెమలికంఠానికి ‘మయిల్ కళుత్తు’ అనండి, వెంటనే తీసి ఇస్తాడు. రద్దీ పడనివాళ్లు ఎగ్మూరులో పాంథియన్ రోడ్డు వైపు వెళ్లి, నూలు బట్టల కొట్లలో ముక్కలు ఏరుకోవచ్చు. 1935లో మొదలైన తమిళనాడు చేనేత సహకార సంస్థ కో-ఆప్టెక్స్ కూడా ఆ రోడ్డు మీదే ఉంది. రంగులకు అలవాటు పడటానికైనా ఒకసారి అందులో తిరిగి రండి.

ఏవి తీసుకోవాలి? ప్రతి రంగులోనూ రెండు భిన్నమైన కొసలు తీసుకోండి. ఎరుపులో ఇటుక రంగు ఒకటి, దానిమ్మ గింజ రంగు ఒకటి. పసుపులో ఆవపువ్వు, మామిడిపండు. పచ్చలో చిలకపచ్చ, ముదురు ఆకుపచ్చ. నీలంలో ఆకాశం, ముదురు నీలం. ఊదాలో వంగపండు, నేరేడు. గులాబీలో రాణి, ఉల్లిపొర. వీటితోపాటు గంధం, బూడిద. మొదటి కుప్ప చూసి రాసుకున్న రంగులు ఇందులో లేకపోతే అవీ చేర్చండి.

వెలుతురు ముఖ్యం

ఈ పరీక్షలో సగం పని వెలుతురిదే. రెండు గుడ్డలు దుకాణం దీపం కింద ఒకే రంగుగా కనిపించి, బయటికి రాగానే వేరుపడటం మీరు చూసే ఉంటారు. రెండింటిలో వాడిన అద్దకాలు వేరైతే అలాగే జరుగుతుంది. ఒక దీపం కింద కలిసిన రంగులు ఇంకో దీపం కింద విడిపోతాయి. పాతకాలం చీరల కొట్లలో మన పెద్దవాళ్లు చీరను గుమ్మం దాకా తీసుకెళ్లి చూసింది అందుకే.

ఉత్తరపు కిటికీ దగ్గర చూడమని సాధారణంగా చెబుతారు. చెన్నై భూమధ్యరేఖకు 13 డిగ్రీల ఉత్తరాన ఉంది కాబట్టి ఆ సలహా ఏడాది పొడవునా పనిచేయదు. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరపు కిటికీలోంచి కూడా నేరుగా ఎండ పడవచ్చు. దిక్కు సంగతి వదిలేసి, ఎండ నేరుగా పడని ఏ కిటికీ అయినా ఎంచుకోండి. ఉదయం ఎనిమిది, పది గంటల మధ్య సమయం మంచిది. గదిలో దీపాలన్నీ ఆర్పేయండి. పక్కన ముదురు రంగు గోడో పరదానో ఉంటే దాని ఛాయ ముఖం మీద పడుతుంది, అక్కడి నుంచి జరగండి.

ముఖం కడుక్కుని, పౌడరు లేకుండా కూర్చోండి. భుజాల మీద తెల్లని తువ్వాలు కప్పుకుంటే వేసుకున్న బట్ట రంగు అడ్డురాదు. బొట్టు మాత్రం తీయవద్దు. మెడలో గొలుసు, ముక్కుపుడక, కళ్లజోడు రోజూ ఉండేవైతే అవీ ఉండనివ్వండి. మీ రంగు వీటన్నిటితో కలిసి బతకాలి కదా.

ఇప్పుడు ఒక్కో ఫాల్ మెడచుట్టూ వేసుకుని అద్దంలో చూడండి. బట్టను చూడకండి. గడ్డం కింది నీడ, కళ్ల కింది నలుపు, పెదవుల అంచు, కనుగుడ్ల తెలుపు, ఈ నాలుగింటినే చూడండి. నప్పని రంగు వేయగానే కళ్ల కింది నలుపు లోతుగా కనిపిస్తుంది, పెదవుల అంచు ముఖంలో కలిసిపోతుంది. నప్పిన రంగు వేస్తే కళ్లు తేటపడతాయి, ముఖం నిద్ర తీరినట్లుంటుంది.

ఇది భ్రమ కాదు, దీని వెనక రెండు కారణాలున్నాయి. ఒకటి, బట్ట మీద పడిన వెలుతురు ఆ రంగుతోనే తిరిగి గడ్డం కిందికి కొడుతుంది. రెండోది ఇంకా ఆసక్తికరమైనది. పారిస్‌లో గోడకు వేలాడదీసే బొమ్మల తెరలు నేసే గోబెలిన్ రాజ కార్ఖానాలో అద్దకం విభాగాన్ని చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ దగ్గరికి నల్లరంగు సరిగా ఎక్కడం లేదని ఫిర్యాదు వచ్చింది. ఆయన పరీక్షించి, నలుపులో లోపం లేదని, దాని పక్కన నేసిన నీలం, ఊదా దారాల వల్లే అది వెలవెలబోతోందని తేల్చారు. పక్కపక్కన ఉన్న రెండు రంగులు ఒకదాన్నొకటి వ్యతిరేక దిశకు నెడతాయన్న సూత్రాన్ని 1839లో ప్రచురించారు. పచ్చ బట్ట పక్కన ముఖంలోని ఎరుపు పెరిగినట్లు కనిపిస్తుంది. కొందరికి అది ఆరోగ్యపు కళ, మొటిమల మచ్చలున్నవారికి ఇబ్బంది. అందుకే మీ స్నేహితురాలికి నప్పిన పచ్చ మీకు నప్పకపోవచ్చు.

పధ్నాలుగింటినీ ఒకేసారి తూచలేరు. రెండేసి తీసుకుని, ఓడినదాన్ని పక్కన పెడుతూ పోండి. పక్కన కూర్చున్నవారిని ‘ఎలా ఉంది?’ అని అడగకండి, ‘బాగుంది’ అనే జవాబే వస్తుంది. ‘ముందు నీ కన్ను ఎక్కడ పడింది, గుడ్డ మీదా, నా ముఖం మీదా?’ అని అడగండి. ఫోటో తీయాలనుకుంటే ఫోనులో ముఖానికి మెరుగులు దిద్దే సదుపాయం ఆపేయండి. ఒక్కో ఫోటోకు ఫోను తనంతట తాను వెలుతురు రంగును సవరిస్తుంది కాబట్టి, ప్రతి ఫోటోలో ఒక తెల్ల కాగితం కూడా ఉంచండి. కాగితం తెల్లగా కనిపించని ఫోటోను నమ్మవద్దు.

రంగు దొరికాక ఛాయ

చివరికి రెండు మూడు ఫాల్స్ మిగులుతాయి. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. ‘నాకు నీలం నప్పుతుంది’ అని బయల్దేరి పది రకాల నీలాలు కొంటారు, ఒకదానికొకటి పొసగవు. నీలం అనేది ఒక కుటుంబం పేరు. అందులో ఏ ఒక్కటి మీదో తేలాలి.

గెలిచిన రంగులోనే మరో నాలుగైదు ఫాల్స్ తెచ్చుకోండి. కాస్త ముదురు, కాస్త లేత, కాస్త తేట, కాస్త మసక. మళ్లీ అదే కిటికీ, అదే అద్దం. ఈసారి తేడాలు చిన్నవిగా ఉంటాయి, తొందరపడవద్దు. ఒక ఛాయను రోజంతా వేసుకుని, సాయంత్రం ట్యూబ్‌లైటు కింద, రాత్రి పసుపు దీపం కింద కూడా చూడండి. మూడు వెలుతుర్లలోనూ నిలిచినదే మీ ఛాయ.

పెరంబూరులో ఉండే మా పిన్నికి ఊదా నప్పుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. కానీ లేత ఊదాలో ఆవిడ నీరసంగా కనిపించేవారు. ఎరుపు కాస్త ఎక్కువ కలిసిన ముదురు వంగపండు రంగు కట్టిన రోజునుంచి ఆవిడ వరుస మారిపోయింది. ఇప్పుడు ఆ వీధిలో పూలమ్మే ఆవిడ కూడా ఆ రంగు చీర దూరంగా కనబడగానే మల్లెపూలు మూర కొలవడం మొదలుపెడుతుంది. చెల్లెలి కూతురి పెళ్లికి ఎవరూ చెప్పకుండానే నలుగురు బంధువులు నాలుగు వంగపండు రవిక గుడ్డలు తెచ్చారు.

ఖాయం చేసేముందు చెన్నై సంగతులు కొన్ని చూసుకోండి. ఈ ఊరి ఉక్కలో చెమట మరక అన్నిటికంటే ఎక్కువగా మధ్యస్థ బూడిద రంగు మీద, ఆకాశ నీలం మీద కనబడుతుంది. తెలుపు మీద, బాగా ముదురు రంగుల మీద తక్కువ. సిటీ బస్సులో, మెట్రోలో ఉద్యోగానికి వెళ్లేవారు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మీ మనసు నలుపు మీద ఉంటే, శుభకార్యాల్లో పెద్దవాళ్లు అభ్యంతరపెట్టే ఇల్లు మీదైతే, అటువంటి రోజులకు రెండో రంగు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. మగవాళ్లు పంచె అంచును తమ రంగులో కట్టాలనుకుంటే ఒక జాగ్రత్త: పార్టీల రంగులు పంచె అంచుల మీద ఉండే రాష్ట్రం ఇది. నలుపూ ఎరుపూ కలిసిన అంచు కడితే మిమ్మల్ని చూసేవారు వేరే అర్థం తీసుకుంటారు.

ముక్క జేబులో పెట్టుకోండి

తేలిన ఫాల్ కొసను అగ్గిపెట్టంత కత్తిరించి, చిన్న కాగితపు కవరులో పెట్టి పర్సులో ఉంచుకోండి. ఇకనుంచి కొనుగోలు ఆ ముక్కతోనే. కన్ను రంగును గుర్తుపడుతుంది గానీ గుర్తు పెట్టుకోదు. మనసులో ఉన్న వంగపండు రంగుకూ, దుకాణంలో చేతికొచ్చిన దానికీ తేడా ఇంటికి వచ్చాకే తెలుస్తుంది. ముక్కను బట్ట మీద పెట్టి గుమ్మం దాకా తీసుకెళ్లండి. వద్దనే దుకాణంలో కొనకండి.

పట్టులో, నూలులో ఒకే రంగు ఒకేలా ఉండదు. పట్టు మెరుస్తుంది కాబట్టి మడతల్లో ముదురుగానూ, పైన లేతగానూ కనిపిస్తుంది. ముక్కతో అచ్చంగా కలవకపోయినా ముఖం పక్కన పెట్టి చూసి నిర్ణయించండి. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసిన డబుల్ షేడ్ చీరలు ఒళ్లు కదిలినప్పుడల్లా మారతాయి. అవి అందమైనవే, కానీ గుర్తుగా నిలిచే రంగు కోరేవారు మొదటి ఏడాది వాటి జోలికి వెళ్లకపోవడం మంచిది. రెండు మూడు రవికలకు ఒకే గుడ్డ కావాలంటే ఒకే థాను నుంచి ఒకేసారి చింపించండి. తర్వాత వచ్చే సరుకులో అద్దకం కొద్దిగా మారవచ్చు.

ఎంత కొనాలి? బీరువా అంతా ఆ రంగే నింపనక్కరలేదు. నలుగురి కంట పడేది మెడ దగ్గరి రంగు, కాబట్టి డబ్బు అక్కడ పెట్టండి. చీరలు కట్టేవారైతే మొదట రవికలు: టూ బై టూ రూబియాలో రెండు, పట్టులో ఒకటి కుట్టించండి. గంధం, మీగడ, బూడిద, నలుపు చీరలన్నీ ఆ రవికల మీదకు కొత్తగా వస్తాయి. చుడీదారు వేసేవారికి చున్నీలు, మగవాళ్లకు చొక్కాలు. చొక్కా మొత్తం ఆ రంగులో బరువుగా అనిపిస్తే తెల్లటి దాని మీద ఆ రంగు సన్న గళ్లో చారలో చాలు. చెప్పులు, సంచి, ఫోను కవరు కూడా అదే రంగులో కొనాలన్న ఉత్సాహం వస్తుంది. వద్దు. మెడ దగ్గరి రంగు బలం అక్కడే ఉండనివ్వండి.

ఉతుకు

ఎంచుకున్న ఛాయ వెలిసిపోతే ఈ శ్రమంతా నీళ్లపాలు. కొత్త నూలు బట్ట అంచును తడిపి తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి. రంగు అంటితే మొదటి కొన్నిసార్లు విడిగా, చల్లని నీటిలో ఉతకాలి. ఉప్పునీటిలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలా ఇళ్లలో నమ్ముతారు. అద్దే సమయంలో ఉప్పు ఉపయోగపడుతుంది. ఇప్పటి అద్దకాలతో తయారై అమ్మకానికి వచ్చిన గుడ్డ మీద మాత్రం దాని ప్రభావం ఏమీ ఉండదు. చెన్నైలో చాలా ఇళ్లలో బోరునీరు ఉప్పగా, కఠినంగా ఉంటుంది. అందులో సబ్బు సరిగా నురగ రాక బట్ట మీద పొరగా మిగిలి రంగు మసకబారుతుంది. మీ రంగు బట్టలకైనా చివరి జాడింపు మంచినీటితో చేయండి. మేడ మీద ఎండలో వేయాల్సి వస్తే లోపలి వైపు పైకి తిప్పి ఆరేయండి, ఆరగానే తీసేయండి.

పర్సులోని ముక్కను ఆరు నెలలకోసారి రవికల పక్కన పెట్టి చూడండి. రవిక వెలిసిందా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది. జుట్టు నెరవడం మొదలైనప్పుడు, లేదా కళ్లజోడు ఫ్రేము మారినప్పుడు మళ్లీ ఆ కిటికీ దగ్గర కూర్చుని ఫాల్స్ తీయండి. చాలాసార్లు రంగు మార్చాల్సిన పని ఉండదు. అదే కుటుంబంలో ఒక మెట్టు లేతకో తేటకో జరిగితే సరిపోతుంది. కొత్త ముక్క కత్తిరించి పర్సులో పెట్టాక, పాత రవికలను కూడా మూడు నాలుగు ఉతుకుల దాకా వాడుతూ నెమ్మదిగా మార్చుకోండి.